ఎర్రగుడ్డ కట్టని మధ్యాహ్నం

ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో వేసవి సెలవులంటే పిల్లల నోళ్ళకి తాళాలు పడే రోజులు. బడి ఉన్నన్నాళ్ళూ వాళ్ళ గోల బడి భరించేది. మే నెల వచ్చి బడి మూసెయ్యగానే ఆ గోలంతా క్వార్టర్ల వరసల్లోకి వచ్చిపడేది. ఆ వరసల్లోనేమో రాత్రంతా బళ్ళు నడిపిన మగవాళ్ళు కిటికీలకి తడిపిన గోనెపట్టాలు కట్టుకుని పట్టపగలు పడుకునేవారు. ఇంకా కరెంటు ఇంజన్లు రాని రోజులవి. డ్రైవరు, ఫైర్‌మన్, గార్డు, ఎవరి డ్యూటీ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో వాళ్ళని కన్నతల్లి కూడా చెప్పలేదు. అందుకని ఆ వరసలో ఒక కట్టుబాటు ఉండేది. ఇంటాయన పక్క మీద వాలగానే ఇల్లాలు వీధి తలుపు గడియకి ఎర్రగుడ్డ ముక్క కట్టేది. చిరిగిపోయిన సిగ్నల్ జెండాలోంచి కత్తిరించిన ముక్క. అది కనబడితే ఆ గుమ్మం ముందు పిల్లలు మునివేళ్ళ మీద నడవాలి. బిందె కింద పెడితే చప్పుడు రాకూడదు. ఏడుపొస్తే కుళాయి దగ్గరికి పోయి ఏడవాలి. గుడ్డ లేకపోతే మాత్రం ఎవరిష్టం వాళ్ళది. రైల్వే రూల్సుని తప్పించుకు తిరిగిన మహానుభావులు ఆ కాలనీలో చాలామందే ఉన్నారు గాని, ఆ గుడ్డని లెక్కచెయ్యని పిల్లలు ఒక్కరూ లేరు.

హైమవతి అక్కడి తెలుగు బడిలో టీచరు. భర్త సుందర్ రాజు గూడ్సు గార్డు. వాళ్ళకొక్కతే కూతురు శ్యామల. నడిచినా కూర్చున్నా కంచంలో అన్నం కలుపుకున్నా ఆ పిల్ల నించి చప్పుడనేది రాదు. "మీ శ్యామల ఇంట్లో ఉందో లేదో తెలీదండీ" అని ఇరుగుపొరుగు పొగుడుతుంటే హైమవతి మురిసిపోయేది. అందులో మురిసిపోవలసిందేముందో అప్పటికి ఆవిడకి తోచలేదు.

ఏటా వేసవిలో కాలనీ తెలుగు పఠనమందిరం వాళ్ళు పిల్లలకి తలా ఒక పుస్తకం ఇచ్చేవారు. తలా ఒకటంటే అందరికీ ఒకటే. కార్యదర్శి గణపతిరావు వర్క్‌షాపు ఆఫీసులో హెడ్ క్లర్కు. ఏదో ఒక నీతి పుస్తకం కట్టలు కట్టలుగా తెప్పించి పడేసేవాడు. ఈ ఏడు హైమవతి ఆయన ఇంటికి వెళ్ళి మరీ పోట్లాట పెట్టుకుంది.

"పిల్లలకి దయ నేర్పే పుస్తకాలివ్వాలండీ. ఎవరి బుద్ధితో వాళ్ళు నిలబడడం నేర్పేవి ఇవ్వాలి. అందరికీ ఒకే పుస్తకం పంచితే గొర్రెల మందలా తయారవుతారు" అంది.

"గొర్రెలు గోడలెక్కవు కదమ్మా!" అన్నాడు గణపతిరావు. "ఎండన పడి తిరక్కుండా, నోరు మూసుకుని నీడన కూర్చోవాలి. మనకి కావలసిందంతే కదా."

అయినా ఆవిడ పోరు పడలేక చివరికి సరేనన్నాడు. బెజవాడ కొట్టు నించి రకరకాల పుస్తకాలు ఒక కట్ట తెప్పించాడు. ఆదివారం సాయంత్రం మీటింగులో ఆవిడ ఏరినవి సభ్యులకి చూపించాలి. మిగిలినవి సోమవారం పార్సిల్లో తిప్పి పంపెయ్యాలి. హైమవతి ఆ కట్టని రిక్షాలో ఇంటికి తెచ్చుకుని మంచం మీద గుమ్మరించింది. ఆ క్షణం నించి ఆవిడకి కాలు నిలవలేదు.

దయగలవన్నీ ఒక కుప్ప, సొంత బుద్ధి నేర్పేవన్నీ ఒక కుప్ప వేసింది. కాసేపటికి దయ కుప్పలోది తీసి రెండో కుప్పలో పడేసింది. మళ్ళీ వెనక్కి తెచ్చింది. పొయ్యి మీద పప్పు మాడింది. పుస్తకం చేత్తో పట్టుకునే నీళ్ళు తోడింది. చదివిందల్లా శ్యామలకిచ్చి చదివించి, "ఎలా ఉందే?" అని అడిగేది.

"బాగుందమ్మా" అనేది శ్యామల.

"మరి ఇదో?"

"ఇదీ బాగుందమ్మా."

వాటిల్లో ఒక గొడుగు కథ హైమవతికి కళ్ళనీళ్ళు తెప్పించింది. ఒక కుర్రాడు వానలో తడుస్తున్న ముసలామెకి తన కొత్త గొడుగు ఇచ్చేసి తాను తడిసిపోతాడు. జ్వరం తెచ్చుకుంటాడు. గొడుగు పారేశావని తల్లి కొడుతుంది. అయినా ఎవరికిచ్చాడో చెప్పడు. దయగలవాడు తన మంచి తాను చెప్పుకోడని కథలో నీతి. ఆఖర్న ముసలామె వచ్చి ఆశీర్వదిస్తుంది. హైమవతి దాన్ని దయ కుప్ప మీద అన్నిటికన్నా పైన పెట్టింది. శ్యామల అదీ చదివి బాగుందమ్మా అంది. అన్నీ బాగుంటే ఇక ఏరడమేమిటి! ఇంకో పిల్ల చేత చదివించి చూద్దామని, గొడుగు పుస్తకం తీసుకుని పక్క క్వార్టరు వైపు నడిచింది.

పక్క క్వార్టర్లో ఫైర్‌మన్ నూకరాజు ఉండేవాడు. భార్య పురిటికి ఊరెళ్ళింది. తల్లి అప్పలకొండ, కూతురు చిలకమ్మ ఇల్లు నడుపుతున్నారు. హైమవతి వెళ్ళేసరికి చిలకమ్మ గుమ్మంలో బొగ్గుల కుంపటి ముందు గొంతుక్కూర్చుని, విసనకర్రతో విసురుతూ కుంపటితోనే మాట్లాడుతోంది. "ఇంకెంతసేపే, నీకు బొగ్గులెట్టినాను గదా, మండవేటి?" అని బతిమాలుతోంది. టీచర్ని చూసి లేచి నిలబడి, మసి చేతులు వెనక దాచుకుంది.

"ఈ పుస్తకం చదివి ఎలా ఉందో నాకు చెప్పాలి" అంది హైమవతి.

చిలకమ్మ అట్ట వేపు ఆశగా చూసింది. "నోట్లో నోట్లో సదివితే నాకరదం కాదండి. పైకి సదివితేనే తెలుస్తాది."

"అయితే పైకే చదువు. మీ నాయనమ్మకి కూడా వినబడేలా గట్టిగా చదువు. ఆవిడేమంటుందో అదీ చెప్పు."

"గట్టిగానా?" అంది చిలకమ్మ. అలాంటి మాట ఆ వరసలో ఏ పెద్దవాళ్ళ నోటా ఆ పిల్ల వినలేదు.

"గట్టిగానే" అంది హైమవతి, తన మాటకి తానే మురిసిపోతూ.

శుక్రవారం మధ్యాహ్నం సుందర్ రాజు అనుకున్న దానికన్నా ఆలస్యంగా ఇల్లు చేరాడు. దారిలో రెండు చోట్ల బండి ఆపేస్తే రాత్రంతా బండి చివరి బ్రేకువ్యానులో నిలబడే ఉన్నాడట. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. పోసుకున్న నీళ్ళు ఒంటి మీద ఆరకముందే అన్నం తిని, చాప మీద పడి నిద్రపోయాడు. ఆ నిద్ర ఉత్త సుఖం కోసం కాదని హైమవతికి తెలుసు. మళ్ళీ చీకటి పడే వేళకి పిలుపు వస్తుంది. బ్రేకువ్యానులో గార్డు కునికితే పోయేది అతని ఉద్యోగం ఒక్కటే కాదు. ఆవిడ తలుపు చేరవేసి, గోనెపట్టా మీద చెంబుడు నీళ్ళు కొట్టి, పుస్తకాల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఒక లేగదూడ మందలోంచి విడిపోయి తన దారిన తాను వెళ్ళే కథ సగంలో ఆపింది. అది ఏ కుప్పలోదో తేల్చుకోవాలి. ఆ ధ్యాసలో గడియ సంగతే మర్చిపోయింది.

కాసేపటికి గోడవతల నించి చిలకమ్మ గొంతు మొదలైంది. ముందు కూడబలుక్కుంటూ, తర్వాత జోరందుకుని చదువుతోంది. హైమవతి తలెత్తి నవ్వుకుంది. గొడుగు కథ. వాన వచ్చింది, ముసలామె వచ్చింది. అక్కడి దాకా పుస్తకమే. ఆ తర్వాత ఆ ముసలామె ఉన్నట్టుండి గోల్ బజారులో చేపలమ్మే బెంగాలీ మాసీ అయిపోయింది.

"అప్పుడా గుంటడు ఏటన్నాడంటే, ఓ మాసీ, గొడుగు నీకిచ్చీసి నేను తడిసిపోతే రేపు జొరమొచ్చి మాయమ్మ నిన్నే తిడతాది. ఇద్దరికీ సాల్తాది, రా అన్నాడు. మాసీ సేపల బుట్ట నెత్తినెట్టుకుని గొడుగులోకి దూరింది. బుట్టలో నీళ్ళు బొటబొటా గుంటడి నెత్తి మీద కారినాయి. వోన తప్పింది గాని సేపల నీళ్ళు తప్పనేదు..."

"ఓలమ్మ! పెద్ద కంపే!" అని అప్పలకొండ పకపకా నవ్వింది.

"ఇంటికెల్తే వోళ్ళమ్మ, ఒరే, గొడుగేదీ అంది. ఇదిగో, గొడుగూ ఉన్నాది, నానూ ఉన్నాను, కంపొక్కటే కొత్తగొచ్చింది అన్నాడు!"

హైమవతి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అలాగే వింటోంది. ఇది పుస్తకంలో లేదు. నీతి తప్పిపోయింది. దయ మాత్రం ఎక్కడికీ పోలేదే! ఆవిడ అలా అనుకుంటూ ఉండగానే అవతల నాయనమ్మా మనవరాలూ ఒక్కసారి గొల్లుమన్నారు.

సుందర్ రాజు చాప మీంచి లేచిపోయాడు. వీధి తలుపు దడాలున తీసి వరండాలోకి వెళ్ళాడు.

"ఎవర్రా అది! మనుషులు పడుకున్నారని తెలీదా? రాత్రంతా గడ్డి పీకి వచ్చామనుకుంటున్నారా!"

హైమవతి లేచి గడియ వేపు చూసింది. గుడ్డ లేదు. అది లోపల గోడ మేకుకే వేలాడుతోంది. ఆ తర్వాత చేసింది ఆవిడ ఆలోచించి చెయ్యలేదు, చెయ్యే చేసేసింది. మేకు మీది గుడ్డ లాగి, తలుపు వెనకాల నించి చెయ్యి చాపి గడియకి ముడి వేసింది. ముడి బిగించి తలెత్తేసరికి పక్క గుమ్మంలో చిలకమ్మ నిలబడి ఉంది. పుస్తకం ఛాతీకి ఆనించుకుని, ఆవిడ వేళ్ళ వంకే చూస్తోంది. వంటింటి గుమ్మంలోంచి శ్యామల కూడా చూస్తోంది.

అప్పలకొండ పరుగున వచ్చింది. "తప్పయిపోనాది గార్డుబాబూ, సిన్నగుంట, తెలవక..." అంటూనే ఆమె కళ్ళు గడియ మీద పడ్డాయి. "కళ్ళు పోయినాయేటే నీకు? ఎర్రగుడ్డ అగుపడనేదా?"

"అప్పుడు నేదు నాయనమ్మా" అంది చిలకమ్మ. "సూసే మొదలెట్టినాను. నేదు."

"కళ్ళెదర ఏలాడతంటే నేదంటావేటే! అబద్దాలు కూడా నేర్సినావా?"

విసనకర్ర కాడ పిల్ల భుజం మీద పడింది. ఇంకోసారి పడింది. చిలకమ్మ ఏడవలేదు. నాయనమ్మనీ చూడలేదు, గార్డునీ చూడలేదు. టీచర్నే చూస్తోంది. హైమవతి నోరు తెరిచింది. భర్త ఎర్రటి కళ్ళు చూసింది, అటూ ఇటూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డ ఆడవాళ్ళని చూసింది, నోరు మూసుకుంది. అప్పలకొండ పుస్తకం లాక్కుని, చీర చెంగుతో అట్ట తుడిచి, రెండు చేతులా తెచ్చి ఇచ్చింది. "మాకొద్దమ్మా ఈ పుస్తకాలు. దీనికి నోరెక్కువ" అంది. హైమవతి పుస్తకం అందుకుంది. అందుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

శనివారం పొద్దున్న గణపతిరావు సైకిలు మీద వచ్చి వీధిలోంచే కేకేశాడు. డ్యూటీకి సంతకం పెట్టే చోట సుందర్ రాజు నిద్ర చెడిన సంగతి ఎవరితోనో అన్నాడు. గుడ్డ సంగతి వరసలో ఆడవాళ్ళు చేర్చారు. అంతా తెల్లారేసరికి ఈయన చెవిన పడింది.

"ఆ ఫైర్‌మన్ కూతురికి ఈ ఏడు పుస్తకం లేదమ్మా. పడుకున్నవాళ్ళని లేపింది చాలక, గుడ్డ లేదని బొంకిందట. అలాంటి పిల్లకి ఇస్తే మిగతావాళ్ళు ఏం నేర్చుకుంటారు?"

"చిన్నపిల్లండీ" అంది హైమవతి.

"చిన్నప్పుడే వంచాలి" అని ఆయన పెడలు తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా హైమవతి ఒక్క పుస్తకమూ పూర్తి చెయ్యలేకపోయింది. ఏది తెరిచినా ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని ఆదుకుంటున్నారు. ఆ అక్షరాలు ఆవిడ కళ్ళకి గుచ్చుకుంటున్నాయి. మూసి, ఇంకోటి తెరిచి, అదీ మూసింది. గిన్నెలో వంకాయ కూర పెట్టుకుని పక్కింటి మెట్టు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చింది. కూర చల్లారిపోయింది. ఎండ సంగతి చెప్పక్కర్లేదు. హిజ్లీ వైపు నించి వడగాలి తలుపుల సందుల్లోంచి దుమ్ము తెచ్చి పోస్తోంది. వర్క్‌షాపు సైరను మోగితే ఉలిక్కిపడింది. రోజూ మోగే సైరనే.

సాయంత్రం కుళాయి దగ్గర పిల్లలు చిలకమ్మ చుట్టూ చేరి పాట కట్టారు. "గుడ్డ నేదూ, గుడ్డ నేదూ" అని చప్పట్లు కొడుతున్నారు. అంతకు ముందు రోజు దాకా అయితే చిలకమ్మ ఒకడి జుట్టు పట్టుకునేదే. ఇవాళ బిందె నిండాక, కొంచెమైనా చప్పుడు కాకుండా ఎత్తి చంకన పెట్టుకుని, మునివేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళిపోయింది. హైమవతి కిటికీలోంచి చూస్తూ ఈ నడక ఎక్కడో చూశాననుకుంది. చూడ్డమేమిటి, రోజూ తన ఇంట్లో చూస్తున్నదే! శ్యామల నడక అది. పక్కవాళ్ళ పొగడ్తకి ఇన్నేళ్ళూ తాను మురిసిపోయిన నడక.

మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చిన సుందర్ రాజు మళ్ళీ డ్యూటీకి తయారవుతూ లైను పెట్టెలో దీపం, జెండాలు సర్దుకుంటున్నాడు. హైమవతి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"నిన్న గుడ్డ నేను కట్టలేదండీ. మీరు లేచాక కట్టాను. గట్టిగా చదవమని ఆ పిల్లకి చెప్పిందీ నేనే."

అతను దీపానికి నూనె పోస్తూ తల ఎత్తలేదు. "తెలుసు. తలుపు తీసినప్పుడు గడియకేం లేదు."

"తెలుసా! మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావనుకున్నాను."

అతను పెట్టె మూత వేశాడు. "పోన్లే హైమా, చిన్నపిల్లలు. రెండ్రోజుల్లో మర్చిపోతారు" అని పెట్టె పోర్టరు చేతికిచ్చి వెళ్ళిపోయాడు. తప్పులో తోడు దొరికితే భారం తగ్గుతుందని ఆవిడ అనుకుంది కాబోలు, ఏమీ తగ్గలేదు.

ఆదివారం సాయంత్రం పఠనమందిరంలో బల్లల మీద సభ్యులు చేరారు. చాలామంది డ్యూటీల నించి వచ్చి, ఫ్యాను కింద కునుకుతూ వింటున్నామనిపించే రకం. ముందు వరసలో రిటైరైన డ్రైవరు సూసన్న కూర్చున్నాడు. ఇంజన్ల మధ్య బతికి బతికి ఆయన చెవులు సగం పోయాయి. కొనబోయే పుస్తకాల్లోంచి ఒక పిల్ల చేత ఒక పేజీ చదివించడం అక్కడి ఆనవాయితీ. చదవడానికి గణపతిరావు శ్యామలనే పిలిచాడు, బుద్ధిమంతురాలని. హైమవతి గొడుగు కథ ఆఖరి పేజీ తీసి కూతురి చేతికిచ్చింది.

శ్యామల నిలబడి మొదలెట్టింది. పెదవులు కదులుతున్నాయి గాని మొదటి బల్ల దాకా కూడా మాట చేరడం లేదు.

"అరే బాబా, నాకేటీ ఇనబడ్డం నేదు!" అన్నాడు సూసన్న. "జోర్‌సే సదువమ్మా, జోర్‌సే! ఇక్కడెవులూ పడుకోనేదు."

నలుగురు నవ్వారు. శ్యామల పుస్తకంలోంచి తలెత్తి తల్లి వంక చూసింది. మళ్ళీ పుస్తకంలోకి చూసింది. ఈసారి గొంతు వచ్చింది. హైమవతి ఆ గొంతు వినడం అదే మొదలు. కొంచెం బొంగురుగా, కొంచెం పెళుసుగా ఉంది.

"అప్పుడు ఆ అబ్బాయి ఏమన్నాడంటే, ఓ మాసీ, గొడుగు నీకిచ్చేసి నేను తడిసిపోతే రేపు జొరమొచ్చి మా అమ్మ నిన్నే తిడుతుంది. ఇద్దరికీ సాల్తాది, రా..."

ఆ పేజీలో ఆ మాటల్లేవు. ఆ పేజీలో కుర్రాడు తల్లి చేతి దెబ్బలు తింటూ నోరు మూసుకుని ఉన్నాడు. శ్యామల మాత్రం కళ్ళు అక్షరాల మీదే పెట్టి, వరసల వెంట వేలు జరుపుకుంటూ, అచ్చం చదువుతున్నట్టే చెప్పుకుపోతోంది. చేపల నీళ్ళు నెత్తిన కారే దగ్గర సూసన్న తొడ చరిచాడు. కునుకుతున్న వాళ్ళు లేచారు. "కంపొక్కటే కొత్తగా వచ్చింది" అనేసరికి గణపతిరావు కూడా కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"భేష్! ఇలాంటివి కావాలమ్మా" అన్నాడు హైమవతితో. "నీతి ఉంది, నవ్వూ ఉంది. ఎవరండీ రాసింది?"

శ్యామల పుస్తకం మూసింది. "ఇందులో లేదండి. ఇది చిలకమ్మ చదివింది."

"చిలకమ్మ ఎవరూ?"

"పక్కింటి నూకరాజుగారి అమ్మాయి. మీరు పుస్తకం ఇవ్వద్దన్నారు కదండీ, ఆ అమ్మాయి."

శ్యామల అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. గుడ్డ సంగతి ఎత్తలేదు. చూసిందంతా కడుపులో పెట్టుకుని తల్లి పక్కన వచ్చి కూర్చుంది. చెప్పేస్తే బాగుండునని హైమవతికి ఒక్క క్షణం అనిపించింది. పిల్ల చెప్పేస్తే తనకి పని తప్పుతుంది. కాని ఆ పిల్ల అది తల్లికే వదిలేసింది. ఇక కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు.

"గణపతిరావుగారూ, ఆ అమ్మాయి బొంకలేదు" అని లేచి నిలబడింది. "ఆ రోజు నేను గుడ్డ కట్టడం మర్చిపోయాను. మావారు కేకలేస్తుంటే అప్పుడు కట్టాను. గట్టిగా చదవమన్నదీ నేనే. నా కళ్ళ ముందే ఆ పిల్లని కొట్టారు, నేను నోరు మెదపలేదు."

గణపతిరావు కళ్ళజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. టీచరుగారిని ఏమనాలో ఆయనకి తెలియదు. ఫైర్‌మన్ కూతురైతే తెలిసేది.

"సరే, ఆ పిల్లకి పుస్తకం ఇచ్చెయ్యండి" అన్నాడు చివరికి. "ఇంతకీ, ఆ కథ ఈ పుస్తకంలో లేనప్పుడు దీన్ని కొనడం దేనికి?"

"అదే గదా!" అన్నాడు సూసన్న ఒక్కడే, గట్టిగా.

సోమవారం పొద్దున్న, పార్సిలు కట్టక ముందు, హైమవతి పుస్తకాలన్నీ ఒక దుప్పట్లో మూట కట్టుకుని పక్క గుమ్మం ముందు నిలబడింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు నీళ్ళు పట్టుకుంటున్నారు. వాళ్ళు విననీ అనే ఆ వేళ చూసి వచ్చింది. నూకరాజు డ్యూటీ దిగి వచ్చి, మొహం మీద బొగ్గుమసి కడుక్కుంటున్నాడు. అప్పలకొండ బియ్యం చేట పక్కన పెట్టి లేచింది.

"అమ్మా, ఆ రోజు మీ పిల్ల చెప్పింది నిజం. గుడ్డ లేదు. నేనే తర్వాత కట్టాను. నా మూలాన దెబ్బలు తింది" అంది హైమవతి.

కుళాయి దగ్గర బిందెలు నిండి పొర్లుతున్నాయి, ఎవరూ కట్టెయ్యడం లేదు. అప్పలకొండకి ఎటు చూడాలో తెలియలేదు. "పోనీండమ్మా, పెద్దోరు... మర్సిపోతారు. ఒకటో రెండో దెబ్బలు. మాయింట్లో ఏటి కొత్తా?" అంది. నూకరాజు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "దానికి మీరింత దూరం రావాలేటండి" అన్నాడు. ఇద్దరూ కలిసి ఆవిడని తప్పులోంచి చేయి పట్టి బయటికి లాగేస్తున్నారు. అది ఆవిడకి ఇంకా సిగ్గుగా ఉంది.

చిలకమ్మ మాత్రం ఏ సాయమూ చెయ్యలేదు. తలుపు వారనే నిలబడి వింది.

"అప్పుడే సెప్పొచ్చు గదండి" అంది.

"చెప్పాల్సింది" అంది హైమవతి. "చెప్పలేదు. తప్పు నాదే."

చిలకమ్మ పోనీండి అనలేదు. హైమవతి గొడుగు పుస్తకం మూటలోంచి తీసి చేతికివ్వబోయింది.

"అది నాకొద్దండి. అది నాకొచ్చు."

"అయితే నీకు ఏది కావాలో నువ్వే ఏరుకో."

హైమవతి మెట్టు మీద దుప్పటి పరిచింది. చిలకమ్మ కాసేపు దూరంగానే ఉండి, తర్వాత వచ్చి గొంతుక్కూర్చుంది. రెండు చేతులూ గౌనుకి తుడుచుకుంది. శ్యామల కూడా వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోలేదు గాని భుజాలు ఆనించుకున్నారు. చిలకమ్మ అన్నిటికన్నా పైనున్న పుస్తకం ఎత్తింది. "దీన్లో ఎవులైనా నవ్వుతారా?"

హైమవతి ఆలోచించింది. జబ్బుపడిన స్నేహితుడికి తన భోజనం ఇచ్చేసే పిల్ల కథ అది. "లేదమ్మా" అంది.

"దీన్లో?"

"దాంట్లో... చివర్న రాజుగారు చిరునవ్వు నవ్వుతాడు."

"సిరునవ్వు నవ్వు కాదండి" అని చిలకమ్మ దాన్నీ పక్కన పెట్టేసింది.

లేగదూడ కథ పోయింది. దానగుణం కథలు పోయాయి. ఒక్కొక్కటీ ఎత్తి అడుగుతోంది, హైమవతి ఒక్కొక్కటీ గుర్తు చేసుకుని లేదంటోంది. అబద్ధం ఆడదామనిపించలేదు. ఇన్నాళ్ళూ తిండీ నిద్రా మాని తాను ఏరిన దయ అంతా మెట్టు మీద కుప్ప పడుతుంటే, అన్ని పుస్తకాల్లోనూ ఒక్కడు కూడా పళ్ళు కనబడేలా నవ్వలేదే అని ఆశ్చర్యపోతూ ఎండలో నిలబడింది. మూట ఖాళీ అవుతుంటే ఆవిడకి భయం వేసింది. ఏదీ నచ్చక ఈ పిల్ల లేచి లోపలికి వెళ్ళిపోతే?

ఆఖర్న పల్చటి పుస్తకం ఒకటి మిగిలింది. అట్ట మీద బొమ్మ కూడా సరిగ్గా పడలేదు.

"దీన్లో?"

"నాకు తెలీదు. అది నేను చదవలేదు" అంది హైమవతి.

ఆ పిల్ల చప్పున తలెత్తింది. శుక్రవారం తర్వాత ఆవిడ మొహంలోకి తిన్నగా చూడడం అదే మొదలు.

"నిజంగా సదవనేదా?"

"లేదు."

"శ్యామలా సదవనేదా?"

శ్యామల తల అడ్డంగా ఊపింది.

"అయితే అదే ఇవ్వండి" అంది చిలకమ్మ. మెట్టు మీద చతికిలబడి, మొదటి పేజీ తిప్పి, పైకి చదవడం మొదలుపెట్టింది.